నీటి అడుగు స్కూటర్‌తో స్కూబా డైవింగ్: ఒడ్డున చేసే సన్నాహం నుంచి సముద్రంలో నడపడం దాకా

నీటి అడుగున డైవర్‌ను ముందుకు లాక్కెళ్లే బ్యాటరీ యంత్రాన్ని శిక్షణ సంస్థలు డీపీవీ (డైవర్ ప్రొపల్షన్ వెహికల్) అని పిలుస్తాయి. డైవర్లు మాత్రం స్కూటర్ అనే అంటారు. పాదాలకు తొడుక్కున్న ఫిన్నులు ఆడిస్తూ తాపీగా ఈదే డైవర్ నిమిషానికి 15 మీటర్లకు కొంచెం అటూ ఇటూగా సాగుతాడు. ఒక మోస్తరు స్కూటర్ అదే మనిషిని నిమిషానికి 45 మీటర్ల చొప్పున లాగుతుంది. అంటే గంటకు మూడు కిలోమీటర్లు కూడా లేదు. ఒడ్డున నిలబడి వింటే నవ్వొచ్చే వేగమే గానీ, నీటిలో అది చాలా ఎక్కువ. ట్రిగ్గర్ నొక్కి ముందుకు పోవడం ఎవరికైనా ఒక్క పూటలో పట్టుబడుతుంది. అసలు నేర్చుకోవలసింది, ఆ యంత్రం మధ్యలో ఆగిపోయినా సొంత కాళ్లతో ఈదుకుంటూ తిరిగి రాగలిగినంత దూరమే వెళ్లడం. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ లెక్క కోసమే.

స్కూటర్ పట్టే ముందు రావలసినవి

డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడీ సంస్థ నిర్వహించే డీపీవీ కోర్సులో చేరడానికి తొలి స్థాయి ఓపెన్ వాటర్ డైవర్ సర్టిఫికెట్, కనీసం 12 ఏళ్ల వయసు ఉంటే చాలు; కోర్సులో భాగంగా రెండు డైవ్‌లు చేయిస్తారు. ఎస్‌ఎస్‌ఐ వంటి సంస్థలకూ ఇలాంటి కోర్సులున్నాయి. నిబంధన అంతవరకే అయినా, సర్టిఫికెట్ చేతికి రాగానే మరుసటి రోజే స్కూటర్ అద్దెకు తీసుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో సెలవుల్లో కోర్సు పూర్తి చేసి వచ్చే మన తెలుగువారిలో చాలామందికి అప్పటికి నీటిలో స్థిరంగా నిలవడం ఇంకా అలవాటై ఉండదు. ఇంకొన్ని మామూలు డైవ్‌లు చేసి, బాయన్సీ మీద, అంటే తేలకుండా మునగకుండా ఒకే లోతులో నిలవడం మీద, పట్టు వచ్చాక ఈ కోర్సులో చేరితే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఉంటుంది.

పట్టు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. 5 మీటర్ల లోతులో బోర్లా పడుకున్న భంగిమలో, చేతులూ ఫిన్నులూ కదపకుండా, శ్వాసతో మాత్రమే లోతును సరిచేసుకుంటూ మూడు నిమిషాలు నిలిచి చూడండి. ఆ సమయంలో మణికట్టుకు కట్టుకున్న డైవ్ కంప్యూటర్ చూపే లోతు అర మీటరుకు మించి మారకపోతే మీరు సిద్ధంగా ఉన్నట్టే. కాళ్లు కిందికి జారిపోతున్నా, చేతులతో నీటిని తోసుకోవలసి వస్తున్నా ముందు ఆ లోపం దిద్దుకోవాలి. ఎందుకంటే ఏటవాలుగా ఉన్న శరీరాన్ని స్కూటర్ ఏటవాలుగానే లాగుతుంది, ఆ ఏటవాలు ఎటు ఉంటే డైవర్ అటే పోతాడు.

చెవుల సంగతి కూడా చూసుకోవాలి. దిగేటప్పుడు ఒత్తిడి సర్దుకోవడానికి ఎక్కువ సమయం పట్టే వారికి స్కూటర్ వేగం ఇబ్బంది కలిగిస్తుంది. జలుబు ఉన్న రోజున మామూలు డైవ్ కూడా వద్దు కనుక స్కూటర్ ప్రసక్తే రాకూడదు.

ఏ యంత్రం మీద నేర్చుకోవాలి

బజారులో కనిపించే వాటిలో రెండు రకాలు ముఖ్యం. రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాచి నడిపే చిన్న, తేలికైన యంత్రాలు మొదటి రకం. సబ్లూ వంటి కంపెనీలు తయారుచేసేవి ఈ కోవకు చెందుతాయి. స్నార్కెలింగ్‌కు ఇవి సరదాగా ఉంటాయి గానీ, రెండు చేతులూ యంత్రానికే అంకితమైపోతే ముక్కు నొక్కుకుని చెవులు సర్దుకోవడానికి చేయి మిగలదు. తేలడాన్ని సరిచేసుకోవడానికి గాలి నింపే జాకెట్, అంటే బీసీడీలోంచి గాలి వదలడానికీ మిగలదు. రెండో రకం ఒంటికి వేసుకున్న పట్టీల అమరికకు (హార్నెస్‌కు) ఒక తాడుతో కట్టుకుని, ఒక చేత్తో దారి మళ్లిస్తూ నడిపేవి. సుయెక్స్, డైవ్ ఎక్స్‌ట్రాస్, సీక్రాఫ్ట్, బోనెక్స్ వంటి కంపెనీల స్కూటర్లు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. ఫ్లోరిడాలోని సున్నపురాయి గుహల్లో కిలోమీటర్ల దూరం వెళ్లి వచ్చే డైవర్లు ఈ పద్ధతికి మెరుగులు దిద్దారు. స్కూబాకు నేర్చుకునేటట్లయితే ఈ రెండో రకం మీదే నేర్చుకోండి.

మొదట్లోనే కొనవద్దు. శిక్షణ ఇచ్చే డైవ్ సెంటర్ యంత్రంతో కోర్సు చేసి, ఆ తరువాత ఒకటి రెండు వేరే మోడళ్లు అద్దెకు తీసుకుని చూశాక నిర్ణయించుకోవచ్చు. ఏ యంత్రమైనా ఎంత లోతు వరకు పనిచేస్తుందో, వేగం తగ్గించుకునే వీలుందో లేదో, ప్రొపెల్లర్ చుట్టూ రక్షణ వలయం ఉందో లేదో, నీటిలో వదిలితే తేలుతుందో మునుగుతుందో అడిగి తెలుసుకోవాలి.

తాడు కట్టుకునే తీరు

కొత్తవారు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, అందువల్ల కొంత వివరంగా చెప్పుకోవాలి. స్కూటర్ హ్యాండిల్ నుంచి వచ్చే తాడు చివర ఒక బోల్ట్ స్నాప్ కొక్కెం ఉంటుంది. దాన్ని రెండు కాళ్ల మధ్య నుంచి వచ్చే క్రాచ్ స్ట్రాప్ అనే పట్టీ ముందు భాగంలో ఉన్న డీ ఆకారపు లోహపు వలయానికి (డీ-రింగ్‌కు) తగిలించాలి. ఎడ్లబండి బరువు కాడి మీద పడినట్టే, స్కూటర్ లాగుడు మొత్తం ఈ పట్టీ మీదే పడాలి. హ్యాండిల్ పట్టిన చేతికి దారి చూపే పని ఒక్కటే ఉండాలి. మామూలు జాకెట్ బీసీడీకి క్రాచ్ స్ట్రాప్ ఉండదు. అలాంటప్పుడు విడిగా దొరికే స్కూటర్ హార్నెస్ వేసుకోవాలే తప్ప, భుజం మీది డీ-రింగ్‌కు తగిలించకూడదు. అలా తగిలిస్తే లాగుడు ఒక పక్కకే పడి శరీరం మెలితిరుగుతుంది, బీసీడీ గడ్డం మీదికి ఎక్కుతుంది.

తాడు పొడవు ఎంత ఉండాలన్నది మీ చేయి పొడవును బట్టి ఉంటుంది. కొక్కెం తగిలించి, సహచరుణ్ణి స్కూటర్‌ను ముందుకు లాగి పట్టుకోమనండి. తాడు బిగుసుకున్న స్థితిలో మీ మోచేయి కొద్దిగా వంగి ఉండి, చూపుడు వేలు ట్రిగ్గర్‌ను సునాయాసంగా అందుకోవాలి. చేయి నిటారుగా చాచవలసి వస్తే తాడు పొడవు ఎక్కువైనట్టు. పది నిమిషాల్లోనే భుజం నొప్పి మొదలై ఆ సంగతి చెబుతుంది. తాడు పొట్టిదైతే ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే నీరు సరాసరి ఛాతీకి తగులుతుంది. ఆ ప్రవాహమే మిమ్మల్ని వెనక్కి నెడుతుంటుంది కనుక బ్యాటరీ ఖర్చవుతుందే గానీ దూరం సాగదు. నీటి ధార పొట్ట కిందుగా, శరీరాన్ని తాకకుండా పోతున్నప్పుడే తాడు సరిగ్గా ఉన్నట్టు. మొదటి రోజున రెండు మూడు సార్లు ముడి మార్చవలసి రావడం మామూలే.

ట్రిగ్గర్‌కు కుడి చేయి వాడటం ఆనవాయితీ. బీసీడీ గాలి గొట్టం ఎడమ భుజం మీద ఉంటుంది కనుక ఎడమ చేయి ఖాళీగా ఉండాలి. గాలి వదలడం, ముక్కు నొక్కుకోవడం, సంజ్ఞ చేయడం, కంప్యూటర్ చూడటం, అన్నీ ఆ చేతి పనులే. వేలాడే ప్రెషర్ గేజ్, అత్యవసరంలో గాలి పీల్చుకునే అదనపు ఆక్టోపస్ రెగ్యులేటర్, టార్చి తాడు, పొడవాటి జుట్టు, ఏదైనా సరే ప్రొపెల్లర్‌కు అందకుండా ముందే బిగించి కట్టుకోవాలి.

నీటిలో దిగే ముందు

స్కూటర్ లోపలికి నీరు చేరకుండా ఆపేది మూత దగ్గర ఉండే రబ్బరు వలయం, ఓ-రింగ్. దాన్ని బయటికి తీసి, వేళ్ల మధ్య నెమ్మదిగా జార్చుతూ పోతే ఇసుక రేణువు గానీ చిన్న గాటు గానీ స్పర్శకు తెలుస్తుంది. కంటికి కనబడని వెంట్రుక కూడా నీటికి దారి ఇవ్వడానికి చాలు. అది కూర్చునే గాడిని నూలు పోగులు వదలని గుడ్డతో తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజును పల్చగా, రబ్బరు మెరిసేంత వరకే రాయాలి. గ్రీజు ఎక్కువైతే ఇసుకను అదే పట్టి ఉంచుతుంది. మూత బిగించాక స్కూటర్‌ను మంచినీటి తొట్టిలో ముంచి, బుడగలు రావడం లేదని నిర్ధారించుకుని, ట్రిగ్గర్‌ను రెండు మూడు సార్లు నొక్కి వదిలి చూడాలి. వదలగానే ప్రొపెల్లర్ ఆగితీరాలి. నీటి బయట దాన్ని ఎక్కువసేపు తిప్పకూడదు.

తరువాతి పని స్కూటర్ బరువు సరిచేయడం. నీటిలో వదిలినప్పుడు అది మునగకుండా, తేలకుండా, ముక్కు పైకి గానీ కిందికి గానీ వాలకుండా ఉండాలి. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. 20 లీటర్ల నీటిని పక్కకు తొలగించే స్కూటర్‌ను మంచినీటిలో సరిగ్గా అమర్చి సముద్రంలోకి తీసుకెళితే అది దాదాపు అర కిలో మేరకు తేలుతుంది. స్విమ్మింగ్ పూల్‌లో చక్కగా నడిచిన యంత్రం సముద్రంలో ముక్కు పైకెత్తుతోందంటే సాధారణంగా కారణం ఇదే. లోపల పెట్టుకునే చిన్న సీసపు బరువులతో దాన్ని సరిచేస్తారు.

పూల్‌లో తొలి పాఠాలు

మొదట ఇంజన్ ఆపి ఉంచి, స్కూటర్‌ను తగిలించుకుని మామూలుగా ఈదండి. ఆగిపోయిన స్కూటర్‌ను లాక్కుంటూ ఈదడం ఎంత శ్రమో ఆ రోజే తెలిసిపోవాలి. ఆ తరువాత కనిష్ఠ వేగం పెట్టుకుని, తాడు బిగుసుకునేలా స్కూటర్‌ను ముందుకు చాచి, ట్రిగ్గర్‌ను క్షణం పాటు నొక్కి వదలండి. తాడు వదులుగా ఉండగా ఒక్కసారిగా నొక్కితే నడుము దగ్గర గట్టి కుదుపు తగులుతుంది. ఇలా చిన్న చిన్న నొక్కులతో పూల్ పొడవునా సాగడం అలవాటయ్యాక, ఆగకుండా నడపడం మొదలుపెట్టవచ్చు.

మలుపు తిప్పడానికి బలం అక్కర్లేదు. మణికట్టును కొద్దిగా తిప్పి, తలనూ భుజాలనూ అదే దిశకు మళ్లిస్తే చాలు. మోకాళ్లు కొద్దిగా వంచి ఫిన్నులను పైకి ఉంచితే అవి నీటి ధారకు అడ్డురావు. తలను ఒక్కసారిగా పక్కకు తిప్పితే ఎదురు నీరు మాస్కు అంచును లేపవచ్చు, లేదా నోట్లో ఉన్న రెగ్యులేటర్ ముందుండే, నొక్కితే గాలి చిమ్మే పర్జ్ బటన్‌ను నొక్కి గాలి బుసబుసా బయటికి వచ్చేలా చేయవచ్చు. పక్కకు చూడాలంటే వేగం తగ్గించి చూడటం మేలు.

ఆగడం కూడా నేర్చుకోవలసిన పనే. ట్రిగ్గర్ వదిలిన తరువాత కూడా శరీరం కొంత దూరం జారుతూ పోతుంది. గోడకు ఎంత ముందుగా వదలాలో పూల్‌లోనే అంచనాకు రావాలి. వేగం తెలుసుకోవడానికి కూడా పూల్ అనువైన చోటు: 25 మీటర్ల పూల్‌లో నిలకడగా నడుస్తున్నప్పుడు ఒక చివరి నుంచి మరో చివరికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఆ అంకె లేకుండా మున్ముందు ఏ లెక్కా కుదరదు.

సముద్రంలో మొదటి డైవ్

నీటి స్పష్టత బాగుండి, ప్రవాహం తక్కువగా ఉండి, 10 నుంచి 15 మీటర్ల లోతులో ఇసుక నేల ఉన్న చోటు ఎంచుకోండి. విశాఖపట్నం దగ్గర రుషికొండ వంటి మన తూర్పు తీరపు చోట్ల నీటి స్పష్టత రోజురోజుకూ మారుతుంటుంది. అవతలి మనిషి మసకగా కనిపించే రోజున స్కూటర్‌ను పడవలోనే వదిలి దిగడం తెలివైన పని. మీ స్కూటర్ ఆగేందుకు పట్టే దూరం కంటే చూపు ఆనే దూరం చాలా ఎక్కువగా ఉండాలి.

సహచరులిద్దరూ పక్కపక్కనే, ఒకరి కళ్లకు మరొకరు ఆనేలా సాగాలి. వెనక నడిస్తే ముందువారి నీటి ధార మొహం మీద పడటమే కాక, వెనకవారికి ఏమైనా అయితే ముందువారికి తెలియదు. ఇద్దరి స్కూటర్లలో ఏది నెమ్మదైనదో దాని వేగమే ఇద్దరి వేగం. ఒకరికి స్కూటర్ ఉండి మరొకరికి లేకపోతే ఆ డైవ్‌లో స్కూటర్ వాడకూడదు.

నేలకు కనీసం రెండు మీటర్ల ఎత్తున సాగితే ప్రొపెల్లర్ అడుగు బురదను లేపదు. పగడపు దిబ్బల దగ్గర ఇంకా దూరం పాటించాలి. మన దేశంలో పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవులు. తాబేలునూ చేప గుంపునూ తరుముతూ వీడియో తీసే వారిని చూస్తే, వారి చేతికి స్కూటర్ ఇచ్చిన వారి మీద కోపం వస్తుంది. కొన్ని సముద్ర ఉద్యానవనాల్లో స్కూటర్లకు అనుమతే ఉండదు కనుక ముందుగా విచారించుకోవాలి.

దిక్సూచి విషయంలో ఒక హెచ్చరిక. స్కూటర్ మోటారులో అయస్కాంతాలుంటాయి కనుక దాని మీద అమర్చిన దిక్సూచి తప్పు చూపవచ్చు. ఒడ్డున ఉండగానే మరో దిక్సూచితో పోల్చి చూసుకోండి.

పైకీ కిందికీ: కోణం చేసే పని

ఈదే డైవర్‌కు లోతు నెమ్మదిగా మారుతుంది, స్కూటర్ మీద ఉన్నవారికి మారినట్టే తెలియదు. నిమిషానికి 45 మీటర్ల వేగంలో ముక్కును కేవలం 12 డిగ్రీలు పైకెత్తితే మీరు నిమిషానికి సుమారు 9 మీటర్ల చొప్పున పైకి వస్తుంటారు. చాలా శిక్షణ సంస్థలు ఈనాడు సిఫారసు చేసే వేగం అదే. 24 డిగ్రీలైతే అది 18 మీటర్లు దాటుతుంది. 12 డిగ్రీలంటే మణికట్టు కొద్దిగా అలసిపోయి వాలినంత తేడా. పైగా లోతు తగ్గేకొద్దీ బీసీడీలోని గాలి వ్యాకోచించి మరింత పైకి లాగుతుంది. స్కూటర్ నెట్టుడులో ఆ మార్పు డైవర్‌కు తెలియదు, ట్రిగ్గర్ వదిలాక గానీ బయటపడదు.

అందువల్ల మూడు అలవాట్లు చేసుకోవాలి. కొన్ని సెకన్లకొకసారి లోతు చూడాలి. లోతు మార్చాలనుకున్నప్పుడు స్కూటర్ ఆపి, బాయన్సీ సరిచేసుకుని, మళ్లీ సాగాలి. డైవ్ చివర పైకి వచ్చేటప్పుడు స్కూటర్‌ను వాడనే కూడదు: దాన్ని ఆపి, తాళం వేసి, పక్కకు తగిలించుకుని, మామూలు డైవర్‌లాగా 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకి రావాలి. కిందికి వెళ్లేటప్పుడు నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి, వాడేవారు ఇంకా అప్రమత్తంగా ఉండాలి. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమానికి, ఆక్సిజన్ ఒత్తిడి 1.4 బార్ దాటకూడదన్న పరిమితి ప్రకారం లోతు హద్దు సుమారు 33 మీటర్లు. ఏటవాలు నేలను అనుసరిస్తూ పోతే ఆ హద్దు ఎప్పుడు దాటారో తెలియదు.

గాలి లెక్క

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ నింపారు, అంటే 2200 లీటర్ల గాలి ఉంది. లోతు 15 మీటర్లు, అక్కడ ఒత్తిడి 2.5 బార్. స్కూటర్ మీద విశ్రాంతిగా ఉన్న డైవర్ ఉపరితలం లెక్కన నిమిషానికి 18 లీటర్లు పీలుస్తాడనుకుంటే, ఆ లోతులో ఖర్చు దానికి 2.5 రెట్లు, అంటే నిమిషానికి 45 లీటర్లు.

500 మీటర్లు వెళ్లి రావాలనుకున్నాడు. వెళ్లడానికి 11 నిమిషాలు, 500 లీటర్లు, రావడానికీ అంతే. బయలుదేరిన చోటికి చేరేసరికి 1200 లీటర్లు, అంటే 109 బార్ మిగులుతుంది. ఎంతో పొదుపైన డైవ్‌లా కనిపిస్తుంది. ఇప్పుడు సరిగ్గా 500 మీటర్ల దగ్గర స్కూటర్ ఆగిపోయిందనుకోండి. నిమిషానికి 15 మీటర్ల చొప్పున ఈదాలంటే 33 నిమిషాలకు పైగా పడుతుంది. బరువైన యంత్రాన్ని లాగుతూ ఈదే మనిషి నిమిషానికి 25 లీటర్లు పీల్చినా, ఆ లోతులో ఖర్చు 62.5 లీటర్లు, మొత్తం 2080 లీటర్లకు పైగానే. అతని దగ్గర ఉన్నది 1700. దారిలోనే సిలిండర్ ఖాళీ అవుతుంది.

అదే మనిషి 300 మీటర్ల దగ్గరే వెనక్కి తిరిగేలా అనుకుని ఉంటే, వెళ్లడానికి 300, ఈదుకుంటూ రావడానికి 20 నిమిషాలకు 1250, కలిపి 1550 లీటర్లు. 650 లీటర్లు, అంటే 59 బార్ మిగిలే ఉంటాయి. ఎదురు ప్రవాహం ఉంటే ఈ హద్దు ఇంకా తగ్గించుకోవాలి. మీ సొంత అంకెలతో ఈ లెక్క వేసుకుని, వెనక్కి తిరగవలసిన దూరాన్ని నిమిషాల్లోకి మార్చి, నీటిలో రాసే పలక మీద ముందే రాసుకోండి. గాలి ఎంత మిగిలినా, బ్యాటరీ ఎంత ఉన్నా, ఆ నిమిషం రాగానే తిరగాలి.

తెరిచిన సముద్రంలో నేరుగా పైకి వచ్చే వీలుంది కదా అని అనిపించవచ్చు. వీలుంది, అయితే తేలేది పడవకు అర కిలోమీటరు దూరంలో. అందుకే గాలి నింపి పైకి వదిలే గుర్తు గొట్టం, అంటే ఎస్‌ఎంబీ, ఈల ప్రతి స్కూటర్ డైవ్‌లోనూ వెంట ఉండాలి.

ఈ పద్ధతిలో చూస్తే నేర్చుకుంటున్నవారికి ఎలాంటి చోట్లు తగినవో అర్థమవుతుంది. సైప్రస్‌లోని లార్నకా దగ్గర 1980లో మునిగిన జెనోబియా నౌక పొడవు 170 మీటర్లకు పైనే. పక్కకు ఒరిగి పడుకున్న ఆ నౌకను ఈదుతూ చుట్టాలంటే పాతిక నిమిషాలు పడుతుంది, స్కూటర్‌తో పది నిమిషాల లోపే. అయినా ఏ క్షణంలో స్కూటర్ ఆగినా మీరు పైకి వచ్చే తాడుకు 200 మీటర్ల లోపే ఉంటారు. అయితే నౌక లోపలికి స్కూటర్‌తో వెళ్లడం వేరే శిక్షణ ఉన్నవారి పని.

చెడిపోతే ఏం చేయాలి

స్కూటర్ ఆగిపోతే ముందు మీరు ఆగాలి. సహచరుడికి సంజ్ఞ చేసి, స్కూటర్‌ను ముక్కు దగ్గరి కొక్కెంతో వెనక నడుము డీ-రింగ్‌కు తగిలించుకుని, అతని క్రాచ్ స్ట్రాప్‌ను వెనక నుంచి ఒక చేత్తో పట్టుకుంటే అతను ఇద్దరినీ లాక్కెళ్లగలడు. వేగం తగ్గుతుంది, బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. కోర్సులోనే ఇద్దరూ వంతులవారీగా దీన్ని సాధన చేయాలి. మొదటిసారి చేసేది నిజమైన అవసరంలో కాకూడదు.

ట్రిగ్గర్ వదిలినా ప్రొపెల్లర్ ఆగకపోవడం అరుదు గానీ కంగారు పెట్టే పరిస్థితి. స్కూటర్‌ను అడ్డంగా మళ్లించి ఒకే లోతులో గుండ్రంగా తిరుగుతూ, ప్రధాన స్విచ్‌ను ఆపాలి. ఆ స్విచ్ ఎక్కడుందో, మీ మోడల్‌లో అత్యవసరంగా ఆపే పద్ధతి ఏమిటో కళ్లు మూసుకుని చేయగలిగేంత వరకూ ఒడ్డున అభ్యసించండి. ఏదీ పనిచేయకుండా పైకో కిందికో లాగుతుంటే కొక్కెం విప్పి వదిలేయండి. యంత్రం ఖరీదు ఎంతైనా సరే. లోపలికి నీరు చేరి కిలోల కొద్దీ బరువెక్కి మునుగుతున్న స్కూటర్ విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది. బీసీడీ నింపి దాన్ని మోయాలని చూస్తే, అది జారిన క్షణంలో మీరు అదుపు తప్పి పైకి పోతారు.

నీరు చేరిన స్కూటర్‌ను పైకి తెచ్చినా అక్కడితో ప్రమాదం తీరదు. ఉప్పునీరు తగిలిన లిథియం బ్యాటరీ వేడెక్కి మంటలు రేగవచ్చు, లోపల వాయువులు కూడుకుని ఒత్తిడి పెరగవచ్చు. మూత మీద మొహం పెట్టి విప్పకూడదు. పడవ సిబ్బందికి చెప్పి, మనుషులకు దూరంగా ఉంచి, తయారీదారు సూచన ప్రకారం నడుచుకోవాలి.

డైవ్ తరువాత, ప్రయాణంలో

స్కూటర్‌ను మూత విప్పక ముందే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ప్రొపెల్లర్ ఇరుసుకు చేపల గాలపు తీగ చుట్టుకుందేమో చూడాలి, అది సీలును కోసేస్తుంది. బ్యాటరీని మనిషి లేని గదిలో రాత్రంతా చార్జింగ్‌లో వదలకూడదు. కొన్ని నెలలు వాడేది లేకపోతే సగం చార్జ్‌తో, చల్లని చోట దాచాలి.

విమానంలో తీసుకెళ్లాలంటే బ్యాటరీ మీద ముద్రించిన వాట్-అవర్ అంకె చూడండి. సాధారణంగా 100 వరకు ఉన్నవాటిని చేతి సంచిలో అనుమతిస్తారు. 100 నుంచి 160 వరకు ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి, విడి బ్యాటరీలైతే రెండుకు మించకూడదు. 160 దాటినవి ప్రయాణికుల సామానులో వెళ్లవు. పెద్ద స్కూటర్ల బ్యాటరీలు చాలావరకు ఈ చివరి వర్గంలోకే వస్తాయి. డ్రిల్లింగ్ మిషన్లకు వాడే బ్యాటరీలతో నడిచే మోడళ్లు ప్రయాణికుల్లో ఆదరణ పొందడానికి ఇదొక కారణం: 18 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 90 వాట్-అవర్లే. టికెట్ తీసుకునే ముందే విమాన సంస్థ నుంచి అనుమతి లిఖితపూర్వకంగా తెప్పించుకుని, దాని ప్రతిని బ్యాటరీల పెట్టెలోనే ఉంచుకోండి.